మొదటి రేటుకే కొన్న విలేకరి

నెల్లూరు పెద్దబజారులో మా నాన్నకు చీరల కొట్టు ఉంది. ఇప్పుడు చీరలకన్నా నైటీలే ఎక్కువ పోతున్నాయి గానీ, నా చిన్నప్పుడు అన్నీ చీరలే. బడి వదిలాక ఇంటికి కాకుండా కొట్టుకే వెళ్ళేదాన్ని. తెల్ల పరుపు మీద ఓ మూల కూర్చుని హోంవర్కు చేసేదాన్ని. అసలు చదువు మాత్రం చెవులతో చదివాను.

నాన్న చీర విప్పి, అంచు చూపించి, పమిట కొసను తన భుజం మీదే వేసుకుని మరీ చూపించి, అప్పుడు ఓ రేటు చెప్పేవాడు. ఆ రేటు ఎవరూ ఇవ్వడానికి కాదు, మాట మొదలుపెట్టడానికి. కొనేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. "అబ్బ, అంతా? ఆఖరి మాట చెప్పండి" అనేవాళ్ళు. నాన్న కొంచెం దిగేవాడు, వాళ్ళు కొంచెం ఎక్కేవాళ్ళు. కుదరకపోతే వాళ్ళు చెప్పులేసుకుని మెట్లు దిగుతుండగా, "అమ్మా, రండి రండి, మీ మాటే కానీయండి" అని పిలిచేవాడు. ఆ పిలుపు ఎప్పుడు పిలవాలన్నదే మొత్తం విద్య. మొదటి మెట్టు మీదే పిలిస్తే మనకు తొందరని తెలిసిపోతుంది. వీధిలో కలిశాక పిలిస్తే వినపడదు. ఇక పొద్దున్నే వచ్చిన బోణీ బేరమైతే, నష్టమైనా సరే, వట్టి చేతులతో పంపకూడదు.

ఈ విద్యతో నేను చేపల శాస్త్రం చదివాను. మా ఇంట్లో చేప వండరు. నేను పని నుంచి వస్తే మా అమ్మ ఇప్పటికీ వాకిట్లోనే బకెట్టు నీళ్ళు పెట్టి ఉంచుతుంది. అయినా ఆ చదువు నాకు బాగా అబ్బింది, ఎందుకంటే అందులోనూ బేరమే. మనం ఓ పరిశోధన పత్రం రాసి పంపితే, దాన్ని పరీక్షించే తోటి శాస్త్రవేత్తలు ప్రతి వాక్యాన్నీ పట్టుకుని గీచి గీచి బేరమాడతారు. ఇంత గట్టిగా ఎలా అంటారు, ఆ మాట తీసేయండి, ఈ మాట తగ్గించండి అంటారు. అందుకని నేను ఓ మెట్టు పైనుంచే రాసి పంపేదాన్ని. వాళ్ళు తగ్గించేవాళ్ళు. చివరికి అచ్చయ్యేది న్యాయమైన రేటే. ఇన్నేళ్ళలో ఈ పద్ధతిలో తప్పుందని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

నేను పనిచేసేది తీరంలోని ఓ చిన్న పరిశోధన కేంద్రంలో. నా పని ఎండుచేపల మీద. జువ్వలదిన్నె హార్బరు దాటి ఇంకా పోతే ఓ పల్లె ఉంది. అక్కడి ఆడవాళ్ళు నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టి, బుట్టల్లో పెట్టుకుని బస్సెక్కి, కోవూరు చుట్టుపక్కల వరి పండే ఊళ్ళకు తీసుకెళ్ళి అమ్ముకుంటారు. ఎక్కువమంది నేరుగా ఇసుక మీదే పరిచి ఎండబెడతారు. కొందరు మాత్రం గుంజలు పాతి, వాటికి పాత వల కట్టి, దాని మీద ఆరేస్తారు. రెండింటికీ తేడా ఎంతో చూడాలన్నది నా పరిశోధన.

దానికి చేపలు కావాలి. ఊరికే ఎవరిస్తారు? అందరికంటే ముందు ఇచ్చింది ఒక అక్క. యాభై దాటి ఉంటాయి. మిగతా ఆడవాళ్ళు "పరీక్షలెందుకు తల్లీ, తినేదానికి" అని నవ్వుతుంటే, ఆమె తన కుప్పలోంచి గుప్పెళ్ళతో తీసి నా సంచిలో పోసింది. "తీసకపో అమ్మణ్ణీ. ఏముందో చూసి చెప్పు. నాకు గూడా తెలవాల గదా" అంది. అప్పట్నుంచీ ఆమెకు నేను అమ్మణ్ణినే. వారానికోసారి వెళ్ళేదాన్ని, ఆమె ఇచ్చేది, నేను తెచ్చేదాన్ని. తూకం ఎక్కువైందంటే "ఉండనీలే, క్రిములు ఎక్కువ దొరకతాయి" అనేది.

ఫలితం పెద్ద చిక్కుదేమీ కాదు. మబ్బు పట్టి తేమ ఉన్న రోజుల్లో ఇసుక మీద ఆరేసిన కొన్ని నమూనాల్లో కడుపు చెడగొట్టే క్రిములు కనిపించాయి. వల మీద ఆరినవి శుభ్రంగా ఉన్నాయి. గట్టి ఎండ కాసిన రోజుల్లో అయితే ఇసుక మీదివీ చాలావరకు బాగానే ఉన్నాయి. బాగా కడిగి, నూనెలో కరకరా వేయిస్తే ఆ క్రిములు నిలవవు. నేను చూసింది ఒక్క తీరం, ఒక్క కాలం. ఇంతకుమించి చెప్పగలిగింది లేదు.

అప్పుడొచ్చాడు విలేకరి. ఓ దినపత్రికకు మా మండలం నుంచి వార్తలు రాసేవాడు, నలభై దాటిన మనిషి. బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టు కూడా ఉంది ఆయనకు. మా కేంద్రంలో ఏదో కొత్తగా కనిపెట్టారట అని ఎవరో చెబితే, పొద్దున్నే బండేసుకుని వచ్చాడు. నా పని గురించి అడగడానికి వచ్చిన మొదటి పత్రికవాడు ఆయనే. బోణీ అన్నమాట. వట్టి చేతులతో ఎలా పంపుతాను?

"చెప్పండి మేడం, ఏం తేలింది?" అన్నాడు.

"ఈ తీరంలో చేపలు ఎండబెట్టే పద్ధతి మారకపోతే తినేవాళ్ళ ఆరోగ్యానికే ప్రమాదం" అన్నాను.

అది మొదటి రేటు. ఇప్పుడు ఆయన "అంత ప్రమాదమా? అన్ని చేపలూనా?" అనాలి. అప్పుడు నేను "అన్నీ కాదు లెండి" అని ఓ మెట్టు దిగాలి. "మరి తినొచ్చా, కూడదా?" అని ఆయన అడిగితే, కడిగి వేయించుకోవడం గురించి చెప్పాలి. ఆఖరికి ఇద్దరం సరైన మాట దగ్గర కలవాలి. అవన్నీ నాలుక చివరే పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. టీ తాగాడు. నా ఫొటో తీశాడు. "చాలా బావుంది మేడం" అని లేచాడు.

మా వరండాకి మూడు మెట్లు. ఆయన ఒక్కొక్కటే దిగుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. పిలవాలని తెలుసు. పిలిస్తే నా వార్త చిన్నదైపోతుందనీ తెలుసు. బండి స్టార్టయింది. నేను పిలవలేదు.

రెండో రోజు జిల్లా పేజీలో పై భాగాన పడింది. "ఎండుచేపల్లో విషం" అని పెద్ద అక్షరాలు, పక్కన నా ఫొటో. నాన్న దాన్ని కత్తిరించి కొట్లో గల్లా పెట్టె వెనకాల అంటించాడు. సాయంత్రం ఫోను చేసి, "ఏమ్మే, అంతా నిజమేనా?" అన్నాడు.

"కొంచెం ఎక్కువ చెప్పాను నాన్నా. ఆయన తగ్గిస్తాడనుకున్నా."

నాన్న "మొదటి రేటుకే కొనేసినాడా? అట్టాంటోళ్ళతోనే నాకు భయం. ఇంటికి పోయినాక ఎవురో ఒకరు చెప్తారు, అప్పుడు చీర ఎత్తుకోని కొట్టు మీదికొస్తారు" అన్నాడు.

చీర ఎత్తుకుని ఎవరూ రాలేదు. నేనే వెళ్ళాను, మామూలుగా వెళ్ళే వారానికి. అక్క తన పాక ముందు వలలు సర్దుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. అంతకు ముందెప్పుడూ లేవలేదు.

"రండి మేడంగారూ" అంది.

ఆ పిలుపుతోనే నాకు అంతా అర్థమైంది. పాక లోపల నిండా సంచులు. ఆ పాటికి అవి కోవూరు వైపు ఇళ్ళల్లో ఉండాల్సినవి. దసరా వెళ్ళి, పెద్ద వానలు ఇంకా పట్టని రోజులవి. వాన పట్టిందంటే పాకలో చెమ్మ చేరుతుంది, ఎండుచేప బూజు పడుతుంది. నాలుగు నెలలు వేట లేకపోయినా ఇంటిని నడిపేది ఆ సంచులే.

"ఏం జరిగిందక్కా?" అన్నాను, తెలియనట్టు.

"ఏముంది మేడంగారూ. కోవూరు పక్కన ఒక రెడ్డెమ్మ ఇల్లుండాది. నాట్లప్పుడు కూలోళ్ళకి కూర జెయ్యాలంటే నా నెత్తళ్ళే. వాళ్ళత్త ఉన్నప్పట్నించీ పోస్తా ఉండా. మొన్న పోతే సెల్లులో పేపరు చూపిచ్చింది. బుట్ట వాకిట్లో దించనీలా. పిల్లోళ్ళుండారు వద్దులే అనింది. పక్కింట్లోనూ అంతే. బుట్ట ఎట్ట పోయిందో అట్నే వచ్చింది." నా వైపు చూసింది. "ఆ సెల్లులో మీ ఫొటో బావుండాది. జడేసుకున్నారు గదా, బో నిండుగా ఉండారు."

ఆమె గొంతు పెంచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. వల మడుస్తూనే అడిగింది. "నిజంగా విషమేనా? అయితే మేమెవురం బతికుండకూడదు గదా."

దాచి లాభం లేదని చెప్పేశాను. విషం అన్న మాట నాది కాదని, కానీ ప్రమాదం అన్నది నేనేనని. ఆయన బేరమాడతాడనుకుని పైనుంచి చెప్పానని.

అక్క వల మడవడం ఆపింది. "అంటే, నేను బుట్ట దించి రేటు చెప్తాను చూడూ, అట్టానా?"

"అట్టాగే."

"ఆ అబ్బయ్య మారు మాటాడలా?"

"మాటాడలా."

"మరి నువ్వన్నా పిలవాల గదా, పోతా ఉంటే. నేనైతే పిలుస్తా." ఆమె కోపంలో ఉండి కూడా మేడంగారిని వదిలి నువ్వులోకి వచ్చింది. నాకు ఆ మాత్రం చాలనిపించింది.

మా కేంద్రం పెద్దాయన ఒక్కటే మాటన్నారు. ఇకమీదట పత్రికలవాళ్ళతో మాట్లాడొద్దు, గొడవ దానంతటదే చల్లారుతుంది అన్నారు. గొడవ చల్లారేలోపు వానలు వస్తాయి. అదే ఆయనతో చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "ఈసారి ఏం చెప్పాలో ముందు కాగితం మీద రాసుకుని వెళ్ళమ్మా" అన్నారు. అది అనుమతి అనుకున్నాను.

విలేకరి జిరాక్సు కొట్టుకు నేనే వెళ్ళాను. బల్ల మీద కాగితానికింత అని అట్టముక్క మీద రాసి ఉంది. అక్కడ ఎవరూ బేరమాడరు. అది చూసి నాకు నా తెలివితేటల మీద నవ్వొచ్చింది. ఒకటే ధర ఉన్న కొట్టువాడికి నేను మొదటి రేటు చెప్పాను.

ఆయన నన్ను చూసి ఖండన ఇవ్వడానికి వచ్చాననుకున్నట్టున్నాడు. పుస్తకం తీసి నా మాటలు చదివి వినిపించాడు. అక్షరం తేడా లేదు.

"నా కొట్లో గాజు మీద ఏది పెడితే అదే వస్తాది మేడం. మీరు పెట్టిందే వచ్చింది. మీ దగ్గిర ఇంకో మాట ఉండాదని నాకెట్టా తెలస్తాది?"

"మీరు అడుగుతారనుకున్నాను."

"పెద్ద చదువు చదువుకున్నోళ్ళు చెప్తే అడగాలంటే మొగమాటం గదా మేడం." పుస్తకం మూసి, "విషం అని మాత్రం నేను రాయలా. క్రిములు అని పంపినా. హెడ్డింగు నెల్లూరు ఆఫీసులో డెస్కువాళ్ళు పెడతారు. విషం అయితే ఒక అక్షరం తగ్గిద్దంట" అన్నాడు.

సవరణ వేయమన్నాను. వేస్తారు గానీ అడుగున ఓ మూల వేలెడంత పడుతుందని, దాన్ని ఎవరూ చూడరని చెప్పాడు. అంతకంటే కొత్త వార్త ఉంటే రాస్తానన్నాడు. అచ్చుకు ముందు నాకు చూపించమన్నాను. కుదరదన్నాడు. "రాసింది ముందు చూపియ్యం మేడం. మీకు చూపిస్తే రేపు ఎమ్మెల్యేకి గూడా చూపియ్యాల." అది న్యాయమే. కానీ నేను పెద్దబజారు మనిషిని కదా, వదల్లేదు. చివరికి నా నోటితో నేను చెప్పిన మాటలూ, శాస్త్రానికి సంబంధించిన వాక్యాలూ ఫోనులో చదివి వినిపించడానికి ఒప్పుకున్నాడు. మిగతాది ఆయన ఇష్టం. హెడ్డింగు మన చేతిలో లేదు కాబట్టి, డెస్కువాళ్ళు మార్చడానికి బుద్ధి పుట్టనంత పొట్టిగా మనమే ఒకటి రాసి పంపుదామన్నాడు.

"ఇంకొకటి మేడం. వార్త ఎక్కువైతే కింది నుంచి కోస్తారు. మీకు ముఖ్యమైంది మొదట్లోనే ఉండాల. ఒక్క మాట. ఏది?"

కేంద్రం గురించా, నా పరిశోధన గురించా, నా పేరా? మొదటిసారి ఎవరో నన్ను నిజంగా ఆఖరి మాట అడిగారు.

ఇద్దరం కలిసి పల్లెకు వెళ్ళాం. అక్క ఆయన్ను కిందికీ పైకీ చూసింది. "నువ్వేనా అబ్బయ్యా, బేరమాడకుండా కొనేది? మా బుట్ట గూడా ఒకసారి చూడు" అంది. ఆయన తలొంచుకుని నవ్వాడు.

చిక్కు అక్కడే వచ్చింది. అక్క నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "ఏమీ కాదని చెప్పు. మా చేపల్లో ఏమీ లేదని రాయమను. అంతే చాలు."

చెప్పాలని ఎంత అనిపించిందో. పైనుంచి చెప్పి చెడగొట్టినదాన్ని కింది నుంచి చెప్పి బాగుచేయొచ్చు కదా అనిపించింది. కానీ అదీ బేరమే. తేమ రోజుల్లో ఇసుక మీద ఆరినవాటిలో క్రిములున్న మాట నిజం. రెడ్డెమ్మ ఇంట్లో పిల్లలున్న మాటా నిజం.

"అట్టా చెప్పలేను అక్కా. కానీ నీ సంచులన్నీ పరీక్ష చేస్తాను. ఏది బావుందో, ఏది బాలేదో చెప్తాను. ఉన్నదే రాయిస్తాను."

ఆమె చెయ్యి వదిలేసింది. "నీకు చేపలియ్యటం నాదే తప్పులే" అని లోపలికి పోయింది. విలేకరి ఇసుక మీద చేపలవైపు చూస్తూ నిలబడ్డాడు, ఏమీ విననట్టు.

కాసేపటికి ఆమె సంచులు ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి బయట పెట్టింది. ఏది ఎప్పుడు ఎండబెట్టిందో, ఆ రోజు మబ్బో ఎండో, అన్నీ ఆమెకు గుర్తే. నేను నమూనాలు తీసుకున్నాను. పరీక్షకు మూడు రోజులు పడుతుంది. రోజూ తూర్పున మబ్బు పేరుకునేది, నేను సీసాలకంటే కిటికీనే ఎక్కువ చూశాను.

ఒక వాన మబ్బుల వారంలో ఇసుక మీద ఆరేసిన సంచులు బాగోలేదు. మిగతావన్నీ బాగున్నాయి. వెళ్ళి అదే చెప్పాను. అక్క బాగోలేని సంచులను కాలితో పక్కకు నెట్టి, "ఇవి కోళ్ళ మేతోళ్ళకి ఇస్తాలే" అంది. నేను చూస్తుండగానే గుంజలు తెచ్చి, పాకకు ఎదురుగా పాతి, మొన్న మడిచిన వల విప్పి కట్టడం మొదలుపెట్టింది. విలేకరి చెప్పులు విడిచి ఓ కొస పట్టుకున్నాడు. తర్వాత ఫొటో తీశాడు. ఈసారి నాది కాదు, వలది. అక్క మొహం పడకుండా చేతులు మాత్రం పడ్డాయి.

హెడ్డింగు కోసం మా ఇద్దరికీ ఓ సాయంత్రమంతా బేరం నడిచింది. నేను చీరలు పరిచినట్టు ఒక్కొక్కటీ చెప్పేదాన్ని, ఆయన అక్షరాలు లెక్కపెట్టి "పొడుగు మేడం" అని పక్కన పెట్టేవాడు. చివరికి "వల మీద ఆరితే మేలు" దగ్గర ఆగాం. ఫోనులో నా వాక్యాలు చదివినప్పుడు, ఒక్క తీరం, ఒక్క కాలం చూసి చెప్పిన మాట అన్నది తీసేయొద్దని బతిమాలాను. అదొక్కటే ఆయన ఎందుకని అడిగాడు, నేను వివరంగా చెప్పాను. మొదటిసారి వచ్చినప్పుడే ఇలా అడిగి ఉంటే, అనుకుని, వెంటనే సిగ్గుపడ్డాను. చెప్పాల్సినదాన్ని నేను.

లోపలి పేజీలో పడింది, చిన్నదిగా. అడుగున రెండు పేరాలు కోసేశారు, వాటితో పాటు మా కేంద్రం ఊసూ నా పేరూ పోయాయి. మొదటి వాక్యం మాత్రం ఉంది. మబ్బు రోజుల్లో ఇసుక మీద ఆరినవి వద్దు, వల మీద ఆరినవి మేలు, ఏవైనా బాగా కడిగి వేయించుకోవాలి. ఒక్క తీరం, ఒక్క కాలం అన్నదీ మిగిలింది. నాన్న దాన్ని అంటించలేదు. "దీంట్లో నువ్వు లేవు గదమ్మే" అన్నాడు.

ఆ తర్వాత కూడా విలేకరి వస్తూనే ఉన్నాడు, ఎప్పుడో ఓసారి. నేను ఏం చెప్పినా పెన్ను ఆపి, "ఇది ఆఖరి మాటేనా మేడం?" అంటాడు. ఎగతాళో, జాగ్రత్తో నాకింకా తేలలేదు. నేను ముందు తెలియనివి చెప్తాను, తర్వాత తెలిసినవి. ఆయన టీ చల్లారిపోతుంది.

వార్త పడిన రెండో రోజే ముసురు పట్టింది. నాలుగు రోజులు పల్లెకు పోలేకపోయాను. పోయేసరికి పాకలో సంచులు సగానికి పైగా లేవు. ఉన్నవి చెమ్మ తగలకుండా దూలానికి కట్టి ఉన్నాయి. అక్క పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, లేవలేదు.

"రెడ్డెమ్మ ఇంటికి పోయినావా అక్కా?"

"పోయినా. ఆ పేపరు ముక్క కవర్లో బెట్టి బుట్టలో పైనే పెట్టుకున్నా. చదివింది. ఇవి వల మీదివేనా అనింది. కొత్తగా వల మీద ఆరినవి ఇవి, ఎండ రోజుల్లో ఇసక మీద ఆరినవి ఇవి, అని రెండూ చూపిచ్చినా. రేటు చెప్పినా."

"తగ్గించమందా?"

"అదేగదా. మారు మాటాడలా. అట్నే తీసుకోని లోపలికి పోతా ఉంది." పొయ్యిలోకి పుల్ల నెట్టింది. "నాకు భయమేసింది అమ్మణ్ణీ. ఎనక్కి పిలిచి, ఇంకో రెండు గుప్పిళ్ళు పోసి, అప్పుడు బస్సెక్కినా."